మావయ్యగారి వంతు సోబా

అక్టోబర్ 6, సోమవారం

మళ్ళీ గిన్నె పక్కకి నెట్టేశారు. ఇవాళ చేప, క్యారెట్టు, అన్నం. మూడూ విడివిడిగా రుబ్బి, వడగట్టి, మూడు రంగుల మడుగుల్లా ఒకే గిన్నెలో పోశాను. కాస్త అందంగా కనిపిస్తే తింటారేమోనని అనిపించింది. మావయ్యగారు చెంచాతో ఒకసారి కెలికి, "ఏ గోడకి పూయాలి దీన్ని?" అన్నారు.

నాకేం కోపం రాలేదు. ఆయన వైపు నుంచి చూస్తే నిజమే కదా. కడుగుతుంటే గిన్నె చేజారి అంచు విరిగింది, అంతే. పాత గిన్నె.

జులైలో తలలో నరం దెబ్బతిన్నప్పుడు కాలూ చెయ్యీ దక్కాయి. మాట కొంచెం ముద్దగా వస్తుంది. గొంతు మాత్రం మింగడం మరిచిపోయింది. నీళ్ళలో కూడా చిక్కబరిచే పొడి కలపాలి. బరువు ఇలాగే తగ్గుతూ పోతే పొట్టలోకి గొట్టం పెట్టక తప్పదని ఇవాళ డాక్టరు చెప్పాడు. మావయ్యగారు విని, "నేను రైలు నడిపినవాణ్ణి. గొట్టంతో నీళ్ళు పట్టేది ఇంజనుకి, డ్రైవరుకి కాదు" అన్నారు. డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేదు.

నగోయాకి ఫోన్ చేసి మా ఆయన యసుతాకాతో అంతా బాగానే ఉందని చెప్పాను. తనకి ఆఫీసులో ఊపిరాడని పని. తండ్రి విషయం చెప్పి ఇంకా బరువు పెట్టడం ఎందుకు.

అక్టోబర్ 7

గుడ్డు పుడ్డింగు సగం తిన్నారు. సగం!

అక్టోబర్ 9, గురువారం

నేను పనిచేసే విత్తనాల కొట్టు నుంచి పదకొండు గంటలకి ఇంటికొస్తే మావయ్యగారు గడప మెట్టు మీద కూర్చుని ఉన్నారు. బూడిదరంగు కోటు, టోపీ. గడ్డం కూడా గీసుకున్నారు, చెవి కింద చిన్న గాటు. ఒక బూటు తొడుక్కున్నారు, రెండోది చేతిలో ఉంది.

"ఎక్కడికండీ?"

"గురువారం" అన్నారు.

అంతే. నాకు అర్థమైంది. రిటైరైన దగ్గర్నుంచీ ఆయన గురువారం మధ్యాహ్నం భోజనం కురుమియా అనే సోబా కొట్లోనే. అత్తయ్య ఉన్నప్పుడు ఇద్దరూ వెళ్ళేవారు. ఆవిడ పోయాక ఒక్కరే వెళ్ళి అదే కిటికీ దగ్గర కూర్చునేవారు. నన్ను ఎప్పుడూ పిలవలేదు. పిలిచినా నేను వెళ్ళేదాన్ని కాదు. బక్‌వీట్ పిండితో చేసే ఆ సోబా నూడుల్స్ అంటే నాకు ఇష్టం లేదు. గోధుమపిండితో చేసే లావాటి ఊదోన్ పోగులు పుట్టిన సనుకి నేలమీద పుట్టినదాన్ని, ఆ నల్లటి గరుకు పోగులు నా నాలిక్కి ఎక్కవు. పెళ్ళయి ఈ కొండల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నన్ను "ఊదోన్ దేశం పిల్ల" అనే అంటారు.

"కొత్త పంట సోబా దిగి ఉంటుంది" అన్నారు, రెండో బూటు వైపు చూస్తూ.

"మావయ్యగారూ, మీకు తెలుసుగా. గొంతులో అడ్డం పడితే..."

"తెలుసు."

తెలుసని చెప్పి లేవలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి గుమ్మడికాయ రుబ్బాను. ఒంటిగంటకి వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉన్నారు, టోపీ మాత్రం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. గుమ్మడికాయ ఎవరూ తినలేదు. నేనూ తినలేదు, ఆకలి లేక.

అక్టోబర్ 11

యసుతాకా వచ్చాడు. "నాన్న అర్థం చేసుకోవాలి" అన్నాడు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు.

అర్థం చేసుకోవాలట.

అక్టోబర్ 14, మంగళవారం

మింగడం నేర్పే కుజుమి గారు వచ్చారు. చిన్న పిల్ల, ఇంకా ముప్పై నిండి ఉండవు. జేబులో ఎప్పుడూ ఓ చెంచా, అద్దం. ఆ నాలిక వ్యాయామాలు, బుగ్గలు పూరించి ఊదడాలు మావయ్యగారు ఇంతవరకూ ఒక్కటీ సరిగ్గా చేయలేదు. తలుపు దగ్గరే ఆవిణ్ణి ఆపి గురువారం సంగతి చెప్పాను. ఫిర్యాదు చేద్దామనే చెప్పాను. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఎక్కడికో వెళ్ళాలని ఉందా ఆయనకి? మరి ముందే చెప్పరేం!"

లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. "తాతగారూ, మింగాక ఒకసారి 'ఆ' అనాలి. గొంతులో తడి మిగిలితే ఆ శబ్దంలో తెలిసిపోతుంది."

"ఆవు దూడని పిలుస్తుంది అలా. నేనెందుకు?"

"పోనీ, మీరు ఏమంటారు?"

మావయ్యగారు కాసేపు ఆ పిల్లని చూశారు. తర్వాత నడుం నిటారుగా పెట్టి, కుడిచేయి చాపి, మా ఇంటి నడిమి స్తంభానికి వేలు చూపించి అరిచారు. "సిగ్నల్ పచ్చ! బయలుదేరుతున్నాం!"

ఆ గొంతు నేను జులై తర్వాత వినలేదు. పక్కింటి కుక్క మొరిగింది.

"బ్రహ్మాండం!" అని చప్పట్లు కొట్టింది కుజుమి గారు. "అయితే ఒక్క మాట చెప్పండి. సిగ్నల్ చూడకుండా బండి కదిలిస్తారా మీరు?"

"ఉద్యోగం ఊడుతుంది."

"మరి నోట్లో ముద్ద పెట్టుకోగానే గడ్డం దించి ఆగండి. దారి ఖాళీగా ఉందా చూసుకోండి. మింగండి. అప్పుడు అరవండి. గొంతు పొడిగా మోగితే తర్వాతి స్టేషనుకి పోవచ్చు."

"తర్వాతి స్టేషన్ ఏది?"

"కురుమియా" అంది.

నేను చెయ్యి అడ్డంగా ఊపాను, అంత మాట ఇవ్వొద్దని. నా వైపు చూడనే లేదు. బొప్పాయి గుజ్జు నాలుగు చెంచాలు తిన్నారు. నాలుగుసార్లు రైలు బయలుదేరింది.

పోయేటప్పుడు వీధిలో నాతో మెల్లగా అంది. "పోగులు ఇప్పుడే కుదరవు. కానీ ఆ కొట్టులో మెత్తగా ఏదైనా చేస్తారేమో అడగండి. ఆయన కూర్చునే చోట ఒకసారి కూర్చుంటే చాలు, నాకు సగం పని తగ్గుతుంది."

అక్టోబర్ 15

కురుమియాకి వెళ్ళాను. అడగడానికే.

వంతెన దాటగానే కనిపించే ఆ నీలం తెర కింద నుంచి ఒక్కదాన్ని వంగి లోపలికి పోవడం ఇదే మొదలు. మధ్యాహ్నం రద్దీ తగ్గింది. నల్లబడిన దూలాలు, ఆవిరి, ఐదారు బల్లలు. అందరి తలలూ వంగి ఉన్నాయి, అన్ని వైపుల నుంచీ జుర్రుమని చప్పుళ్ళు. గోడ మీద కొత్త కాగితం అంటించారు, కొత్త సోబా అని. కిటికీ దగ్గర బల్ల ఒక్కటే ఖాళీగా ఉంది.

"అయ్యో, మినేకో గారూ!" అంటూ కొట్టు యజమాని భార్య ఫుకియే గారు పళ్ళెంతో సహా పరిగెత్తుకొచ్చింది. "తాతగారేరీ? ఎలా ఉన్నారు? ఆ బల్ల దగ్గర గురువారం మధ్యాహ్నం ఇంకెవర్నీ కూర్చోనివ్వడు మా ఆయన. ఇవాళ బుధవారం అని చెప్పినా వినడు, మొత్తం వారమే మూసేశాడు."

చెప్పాను. ఫుకియే గారు కళ్ళు తుడుచుకుని లోపలున్న భర్తని పిలిచింది. జిన్‌గో గారు వచ్చాడు, మోచేతుల దాకా పిండి.

"కత్తిరించి పెట్టమంటారా? నా కొట్లో?"

"కత్తిరించినా కుదరదండీ. రుబ్బితే ఏమైనా..."

"రుబ్బడమా!"

"అరవకండి, పొయ్యి మీద సోబా ఉంది" అంది ఫుకియే గారు.

ఆయన లోపలికి పోయాడు. పని అయిపోయింది, లేచి వచ్చేద్దామనుకునేలోగా నా ముందు ఓ వెదురు పళ్ళెం పడింది. నిగనిగలాడే సన్నటి పోగులు, ఓ గిన్నెలో నల్లటి చారు, చిటికెడు ఘాటైన వసాబి ముద్ద. నేను అడగలేదు. పెట్టాక వదిలేస్తే బాగుండదని తిన్నాను. మర్యాద కోసం.

తింటుంటే తెర వెనక నుంచి ఆయన తల బయటికి పెట్టి అడిగాడు. "బాగా లేదా?"

"చాలా బాగుంది."

"చప్పుడే రావట్లేదు. అంత నిశ్శబ్దంగా సోబా తినేవాళ్ళని కర్మకాండల్లోనే చూశాను."

చెప్పలేక చెప్పాను. పెళ్ళయిన కొత్తలో అత్తామావలతో మొదటిసారి సోబా తిన్నప్పుడు, ఊదోన్ లాగే గట్టిగా పీల్చాను. ఊదోన్ లావు, అడ్డం తిరగదు. ఈ సన్న పోగు ఒకటి నేరుగా ముక్కులోకి పోయింది. మావయ్యగారు నవ్విన నవ్వుకి పక్క బల్లల వాళ్ళు లేచి చూశారు. ఆ తర్వాత సోబా ఎప్పుడు తినాల్సి వచ్చినా కొరుక్కునే తిన్నాను.

జిన్‌గో గారు పగలబడి నవ్వాడు. "ఆ కోడలు మీరేనా! ఎన్నిసార్లు చెప్పాడో ఆ కథ!"

"ఇంకేం చెప్పేవారు?"

"ఊదోన్ దేశం పిల్ల, దానికి సోబా అంటే చెట్టుబెరడు అనేవాడు. అని ఊరుకుంటాడా? అది పెట్టే ముల్లంగి ఊరగాయ ముందు నీ పెళ్ళాందీ దిగదుడుపే అంటాడు, మా ఆవిడ మొహం మీదే."

"అనడమేంటి" అంది ఫుకియే గారు. "ఓసారి కోటు జేబులో పొట్లం కట్టి తెచ్చి నాతో తినిపించారు. నిజంగానే బాగుంది. అందుకే ఇంకా మంట."

ఇంట్లో ఆయన నా ఊరగాయ గురించి ఒకే మాట అంటారు. "ఉప్పు." ఎక్కువనో తక్కువనో కూడా చెప్పరు.

బయటికి వస్తుంటే జిన్‌గో గారు, నా వైపు చూడకుండా, "ఆ చెంచా అమ్మాయిని ఓసారి పంపండి. ఎంత మెత్తగా ఉండాలో నాకు చూపించమనండి" అన్నాడు.

పళ్ళెం ఖాళీ అయిపోయింది. సోబా నాకు అంతగా ఇష్టం లేదు. ఆకలి మీద ఉన్నాను.

అక్టోబర్ 17

పొద్దున బంగాళదుంప, మూడొంతులు. రైలు సమయానికే నడుస్తోంది. కుక్క కూడా ఇప్పుడు సమయానికే మొరుగుతోంది.

అక్టోబర్ 18

బుగ్గలు పూరించి ఊదమంటే, అద్దంలో తనని తాను చూసుకుని, "కప్ప" అన్నారు. నేను నవ్వితే, "నువ్వూ ఊదు" అన్నారు. ఊదాను. "రెండు కప్పలు" అన్నారు.

అక్టోబర్ 20

నేను అరవలేదు. గొంతు కొంచెం పెరిగింది, అంతే.

విత్తనాల కొట్టు నుంచి వచ్చేసరికి వంటింట్లో బల్ల మీద వేడినీళ్ళు పోసిన కప్పు సోబా. అలమార వెనక ఎప్పుడో యసుతాకా పెట్టి మరిచిపోయింది ఎలా దొరికిందో. మావయ్యగారు నేల మీద కూర్చుని దగ్గుతున్నారు, మొహం ఎర్రగా, కళ్ళలో నీళ్ళు. వీపు చరిచాను, తల వంచాను, వేలు పెట్టి తీశాను. అంతా అయ్యాక నా నోటి నుంచి ఏమేం వచ్చాయో గుర్తులేదు. నాలుగు నెలల నుంచి లోపల పెట్టుకున్నవన్నీ వచ్చినట్టున్నాయి. రుబ్బడం, వడగట్టడం, పాచినీళ్ళలా పారబోయడం అన్నీ అన్నాను. చచ్చిపోవాలని ఉంటే నేను లేనప్పుడు కాదు, నా ఎదురుగా చావండి అని కూడా అన్నాను.

ఆయన మూతి తుడుచుకుని, "ఒక్క పోగు అనుకున్నాను" అన్నారు.

అక్టోబర్ 21

జ్వరం. కుజుమి గారు ఛాతీకి స్టెతస్కోపు పెట్టి విని, డాక్టరుకి ఫోన్ చేసింది. మందులు.

అక్టోబర్ 22

జ్వరం తగ్గలేదు.

అక్టోబర్ 23

ఇవాళ గురువారం. ఆయనకి తెలియకుండా క్యాలెండరు గోడ వైపు తిప్పేశాను.

అక్టోబర్ 24

తగ్గింది.

ఇంకోసారి రాసుకుంటాను. తగ్గింది.

అక్టోబర్ 25

పొద్దున చేప, పాలకూర, గంజి. మావయ్యగారు గిన్నెని దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో చెంచాకీ గడ్డం దించి, ఆగి, మింగి, సన్నటి గొంతుతో సిగ్నల్ చెప్పారు. అడుగు దాకా గీకి తిన్నారు. మధ్యలో నేను లేచి వెళ్ళబోతే, "కూర్చో. బండి ఇంకా చేరలేదు" అన్నారు.

మొన్నటి నా మాటల సంగతి ఇద్దరం ఎత్తలేదు. గిన్నె నా చేతికిస్తూ మాత్రం, "ఎర్ర సిగ్నల్ దాటాను. డ్రైవరుది తప్పు" అన్నారు. నేను ఇంకొంచెం వేయనా అని అడిగాను. వేయమన్నారు.

అక్టోబర్ 28

కుజుమి గారు మా ఇంటికి రాకముందే కురుమియాకి వెళ్ళిందట. ఏం జరిగిందంటే చెప్పదు. పెదవి మీద పిండి ఉంది. "వచ్చే గురువారం కాదు, ఆపై గురువారం. నేనూ వస్తాను. రద్దీ తగ్గాక వెళ్దాం" అంది.

మావయ్యగారు వెంటనే, "నా కోటు ఇస్త్రీకి పడెయ్" అన్నారు నాతో.

నవంబర్ 3

బరువు కొంచెం పెరిగింది. తూకం తప్పేమోనని రెండుసార్లు ఎక్కించాను. రెండోసారి ఎక్కనని దెబ్బలాడారు.

నవంబర్ 6, గురువారం

రాత ఎలా ఉన్నా సరే. రాయాలి.

ఎండ బాగా కాసింది. కొండ మీద ఆకులన్నీ ఎర్రబడ్డాయి. కారులో మావయ్యగారు దారి పొడుగునా టోపీని మూడు రకాలుగా పెట్టుకుని చూసుకున్నారు. కొట్టు తలుపు దగ్గర కుజుమి గారు మా కోసం ఎదురుచూస్తోంది. నీలం తెర కింద మావయ్యగారు వంగారు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు.

లోపల ఒక్క క్షణం అందరి చప్పుళ్ళూ ఆగాయి. ఫుకియే గారు ఎదురొచ్చి ఆయన కోటు అందుకుంది. మావయ్యగారు కిటికీ దగ్గరికి నడిచి, తన కుర్చీ వెనక్కి లాగి, కూర్చున్నారు. బల్ల మీద అరచేయి వేసి ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి రాశారు. తర్వాత వంటింటి వైపు తిరిగి, ఊళ్ళో అందరికీ వినపడేలా అన్నారు.

"జారు సోబా ఒకటి!"

కుజుమి గారు సగం లేచింది.

ఆయన నా వైపు వేలు చూపించారు. "ఈవిడకి."

"నాకా?"

"నేను తినలేను. నా వంతు నువ్వు తిను. నేను వింటాను."

వెదురు పళ్ళెంలో చల్లటి జారు సోబా వచ్చింది. కొత్త సోబా కదా, లేత ఆకుపచ్చ ఛాయ ఉంది పోగుల్లో. కొంచెం తీసి చారులో ముంచి నోట్లో పెట్టుకున్నాను.

"ఏదీ?" అన్నారు మావయ్యగారు.

"ఏమిటండీ?"

"చప్పుడు. చప్పుడేదీ?"

"మావయ్యగారూ, ఇంతమందిలో..."

"వీళ్ళందరూ నీ పెళ్ళికి వచ్చారా సిగ్గుపడడానికి? పీల్చు!"

పీల్చాను. చిన్నగా.

"పిల్లి పాలు తాగుతోంది" అన్నారు. పక్క బల్ల ఆయన నోట్లోంచి చారు తుపుక్కుమంది.

మళ్ళీ పీల్చాను. "ఇది పెద్ద పిల్లి."

అప్పుడు నాకు నిజంగా పౌరుషం వచ్చింది. మా ఊళ్ళో తెల్లారకుండానే నిలబడి ఊదోన్ పీల్చే ఇంటి పిల్లని. వెన్ను నిటారుగా పెట్టాను. పెద్ద పట్టు తీశాను. కొసలు మాత్రమే చారులో ముంచి, ఊపిరి లోపలికి లాగుతూ ఒక్కసారిగా జుర్రాను. ఆ చప్పుడు దూలాలకి తగిలి తిరిగొచ్చింది. ముక్కులోకి ఏమీ పోలేదు. గాలితో పాటు వాసన ముక్కు వెనక నుంచి తల మొత్తం నిండింది.

మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "అదీ" అన్నారు. "అదీ!"

కళ్ళు తెరవకుండానే అడిగారు. "వాసన ఎలా ఉంది?"

ఏం చెప్పను? నాకు సోబా గురించి మాటలే తెలియవు. "కోసిన గడ్డి మీద వాన పడి, మళ్ళీ ఎండ వస్తే..." అన్నాను.

"ఊఁ. తర్వాత?"

"మింగాక కొంచెం తీపి. కాల్చిన గింజ తీపి. నాలిక మీద కాదు, ఇక్కడ, గొంతులో."

"గొంతులో" అన్నారు ఆయన. తన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నారు. "అవును. అక్కడే ఉంటుంది. తిను, తిను. ఆపకు."

పీల్చాను. ఆయన తల ఊపారు. మళ్ళీ పీల్చాను. కళ్ళ నీళ్ళు కారుతుంటే వసాబి ఎక్కువైందన్నాను. వసాబి నేను కలపనేలేదు.

పళ్ళెం ఖాళీ అయ్యేసరికి వంటింట్లోంచి దబదబా చప్పుడు మొదలైంది. కర్రతో కుండలో ఏదో ఎడతెరిపి లేకుండా మర్దిస్తున్నట్టు. చాలాసేపు. తర్వాత జిన్‌గో గారు తనే పట్టుకొచ్చాడు. నల్లటి చెక్కగిన్నె, అందులో వేడినీళ్ళు, నీళ్ళలో ఆకు ఆకారంలో ఒక ముద్ద. సోబా సంకటి. మామూలుగా చేసేదానికన్నా పలచన, పట్టుగుడ్డలా మెత్తన, ఒక్క ఉండ లేదు. నుదుటి మీద చెమట కారుతోంది ఆయనకి.

"పోగులు లేవు" అన్నాడు జిన్‌గో గారు, ఎవరినో తిడుతున్నట్టు. "పిండి మాత్రం అదే. ఈ నెల విసిరిందే. ఈ అమ్మాయి నాతో నాలుగుసార్లు పారబోయించింది."

"ఐదోది బాగుంది" అంది కుజుమి గారు. జేబులోంచి చెంచా తీసి, అంచు నుంచి కొంచెమే తీసుకుని, చారు చుక్క వేసి, మావయ్యగారి చేతికిచ్చింది. "సిగ్నల్ చూసుకోండి తాతగారూ."

నోట్లో పెట్టుకున్నారు. గడ్డం దించారు. ఆగారు.

కొట్టులో ఎవరూ తినడం లేదు. తినే పుల్లలు చేతుల్లో గాలిలోనే ఆగిపోయాయి. ఆయన గొంతు ముడి పైకి కదిలింది, కిందికి దిగింది. కుజుమి గారి వేళ్ళు ఆయన మెడ పక్కన, తాకీ తాకనట్టు. ఆయన ఇంకా ఆగారు. ఎందుకు ఆగారు? దగ్గు వస్తుందా? నా చెయ్యి ఎవరి చేతినో నొక్కుతోంది, తర్వాత చూస్తే ఫుకియే గారిది.

మావయ్యగారు నిటారుగా కూర్చున్నారు. కుడిచేయి చాపారు. కిటికీ అవతల, నది పక్కన కనిపించే రైలు పట్టాల వైపు.

"సిగ్నల్ పచ్చ! బయలుదేరుతున్నాం!"

పొడి గొంతు. గంట కొట్టినట్టు మోగింది.

మూల బల్ల దగ్గర ముసలాయన ఒకరు చటుక్కున లేచి, "బయలుదేరు!" అని జవాబు అరిచాడు. కొట్టంతా నవ్వు. కుజుమి గారు గంతేసింది, నిజంగా గంతేసింది. ఫుకియే గారు ఏప్రన్‌లో మొహం దాచుకుంది. జిన్‌గో గారు మా వైపు వీపు తిప్పి, గోడ మీద కొత్త సోబా కాగితం వంకరగా ఉన్నట్టు సరిచేస్తూ నిలబడ్డాడు. అది వంకరగా ఏం లేదు.

"జిన్‌గో" అన్నారు మావయ్యగారు.

"ఏంటి?" వెనక్కి తిరగలేదు.

"మీ నాన్న చేసినదానికన్నా బాగుంది."

"మా నాన్న పోయాక చెప్తున్నావా? ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఇంకో ఏడాది బతికేవాడు, నీతో దెబ్బలాడడానికి."

గిన్నె మొత్తం తిన్నారు. ప్రతి ముద్దకీ రైలు కదిలింది, మూల బల్ల నుంచి ప్రతిసారీ జవాబు వచ్చింది. చివర్లో సోబా ఉడికించిన నీళ్ళు తెచ్చారు, తెల్లగా చిక్కగా. కుజుమి గారు చెంచాతో జార్చి చూసి, ఇంకాస్త చిక్కన కావాలని తన పొడి చిటికెడు కలిపింది. గుక్కగుక్కకీ ఆగుతూ తాగారు. తాగి, మూతి తుడుచుకుని, వంటింటి వైపు తిరిగారు.

"ఈవిడకి ఇంకొకటి!"

వద్దనలేదు నేను. ఆయన వినాలి కదా. ఆయన కోసమే మూడు పళ్ళేలు తిన్నాను.

నవంబర్ 8

యసుతాకా వచ్చాడు. వాళ్ళ నాన్న కుర్చీలోంచి లేవనివ్వకుండా గురువారం సంగతి మొత్తం చెప్పారు, నా చప్పుళ్ళు కూడా ఒక్కొక్కటీ అనుకరించి మరీ. అంతా విని యసుతాకా వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నువ్వు సోబా తిన్నావా?"

"ఒక పళ్ళెం."

"నాన్న మూడంటున్నారు."

"ఆయనకి ఈ మధ్య లెక్క సరిగ్గా ఉండట్లేదు."

"మూడే!" అని అరిచారు మావయ్యగారు పక్క గదిలోంచి.

యసుతాకా చేతులు కడుక్కుని, క్యారెట్టు ఎలా వడగట్టాలో చూపించమన్నాడు. చూపించాను. సోమవారం సెలవు పెట్టాడట. నేను అడగలేదు.

నవంబర్ 11

డాక్టరు గొట్టం మాట పక్కన పెట్టాడు. "ఏం తినిపిస్తున్నారు?" అని అడిగాడు. నేను చెప్పేలోపు మావయ్యగారు, "కోడలికి నేను సోబా తినిపిస్తున్నాను" అన్నారు. డాక్టరుకి అర్థం కాలేదు. కుజుమి గారు నేల వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది.

నవంబర్ 13, గురువారం

ఇవాళ మేమిద్దరమే వెళ్ళాం. ఆయనకి సంకటి, నాకు వాల్‌నట్ ముద్దతో సోబా. ఇప్పుడు నన్నెవరూ అడగక్కర్లేదు, నేనే చెప్పేశాను ఏది కావాలో.

వచ్చేటప్పుడు కారులో, వంతెన మీద, మావయ్యగారు కిటికీ వైపు చూస్తూ అన్నారు. "మీ ఊదోన్ మెత్తగా ఉంటుంది కదూ?"

నేను బండి కొంచెం పక్కకి లాగినట్టున్నాను.

"ఎవరన్నారు మెత్తన అని? మా సనుకి ఊదోన్ పంటికి ఎదురు తిరుగుతుంది. కాళ్ళతో తొక్కి చేస్తాం పిండి. మెత్తటి ఊదోన్ ఊదోనే కాదు!"

ఇన్నేళ్ళలో ఆయన మీద అంత గొంతు చేసింది ఇది రెండోసారి. ఈసారి మాత్రం ఇద్దరికీ నవ్వొచ్చింది.

"అలాగా" అన్నారు. వంతెన దాటాక, "ఇంకొంచెం ఎక్కువ ఉడికిస్తే?" అన్నారు.

"పరువు పోతుంది."

"ఎవరికి తెలుస్తుంది? ఇంట్లోనే కదా. కుజుమి గారిని అడుగు. పిండి మాత్రం మీ ఊరిదే అయి ఉండాలి. ఇక్కడి పిండితో చేసి ఇదే మా ఊదోన్ అని నన్ను మోసం చేయకు."

ఇంటికి రాగానే సనుకిలో అన్నయ్యకి ఫోన్ చేశాను, గోధుమపిండి పంపమని.

"ఎవరికి? నువ్వేగా తినేది అక్కడ" అన్నాడు.

"మా మావయ్యగారు అడిగారు."

"ఎవరూ? ఆ సోబా మనిషా?"

"ఆయనే."

అన్నయ్య ఫోను పక్కన పెట్టి, ఇంట్లో అందరికీ వినపడేలా అరుస్తూ వదిన్ని పిలిచాడు.